కంప్యూటరు మేలుకొననప్పుడు

రేడియో మీట త్రిప్పినంతనే పలుకును. తానెవరో, తన పని యేమో అది ప్రతిదినము క్రొత్తగా నేర్చుకొనవలసిన అవసరము లేదు. కంప్యూటరు అట్టిది కాదు. మీట నొక్కిన ప్రతిసారియు అది ఏమియు ఎరుగని పసిపాపవలె కన్ను తెరచి, తన పాఠమంతయు మొదటినుండి చదువుకొని, అటుపిమ్మటనే మన యెదుట పనికి నిలుచును. ఆ పాఠములో ఎచ్చటనైన తప్పు దొరలినచో నడుమనే ఆగిపోవును. తెర నల్లగా ఉండిపోవును. లేదా నీలిరంగునకు మారి ఏదో ఆంగ్లవాక్యము చూపును. లేదా ఒక చిన్న చక్రము గంటలకొలది తిరుగుచునే ఉండును. ఇంటివారు రెండు మూడుమార్లు మీట నొక్కి చూచి, "కంప్యూటరు పాడైనది" అందురు. దుకాణమునకు కొనిపోయినచో అచ్చట తరచుగా వినవచ్చు మాట "ఫార్మాటు చేయవలెను" అనునది.

ఈ రెండు మాటలును పెక్కు సందర్భములలో తొందరపాటు మాటలే. యంత్రమునకు వెల కలదు. చెడినచో మరియొకటి కొనవచ్చును. అందులో దాచుకొన్న పెండ్లి ఫోటోలు, గతించిన పెద్దల గొంతుకలు, పిల్లల చదువుల పత్రములు, చేపలచెరువు లెక్కలు, పొలము దస్తావేజుల నకళ్లు మాత్రము ఏ అంగడిలోను దొరకవు. ఫార్మాటు అనగా ఆ పుస్తకమును చెరిపి తెల్లకాగితములు చేయుట. ఆ మాటకు తల యూపుటకు ముందు గృహస్థులు తెలిసికొనదగిన సంగతులను మేము ఇందు వివరింపదలచితిమి.

పామిడిముక్కల ప్రాంతమువారికి ఈ విషయము చెప్పుటకు దూరపు ఉపమానములు అక్కరలేదు. ఆ మండలములోనే వీరంకిలాకు అను ఊరు కలదు. కాలువమీది లాకే ఆ ఊరికి పేరైనది. విజయవాడవద్ద 1855లో పూర్తియైన ఆనకట్టకు మారుగా 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. అచ్చట పైకెత్తిన కృష్ణనీరు ప్రధానకాలువలోనికి వచ్చి, లాకులు దాటి, ఉపకాలువలలో చేరి, తూముల గుండ పంటబోదెలకు దిగి, తుదకు చేనికి అందును. చేనికి నీరు రాకున్నచో తెలిసిన రైతు ఏమి చేయును? చేనిని తిట్టడు, దానిని త్రవ్వి పారవేయడు. గట్టువెంట నడచి, నీరు ఎంతవరకు వచ్చినదో, ఎచ్చట ఆగినదో చూచును. తూములో తుక్కు అడ్డుపడినచో తుక్కు తీయును. లాకు తలుపు దించియున్నచో లస్కరును కలిసికొని విచారించును. కంప్యూటరు విషయమునను చేయవలసినది సరిగా ఇదియే. నీరు ఎంతవరకు వచ్చినదో తెర మనకు చెప్పుచునే యున్నది. ఆ భాష మనము చదువుకొనవలెను.

కంప్యూటరులో జ్ఞాపకము రెండు విధములు. ర్యామ్ అనునది పలకవంటిది. విద్యుత్తు పోయినంతనే దానిమీది వ్రాత తుడుచుకొనిపోవును. డిస్కు అనునది పుస్తకమువంటిది; విద్యుత్తు లేకున్నను అందలి వ్రాత నిలుచును. పని జరుగుటకు పుస్తకములోని పాఠమును పలకమీదికి ఎక్కింపవలెను. విండోస్, లినక్స్ అను పేర్లతో మన మెరిగిన ఆపరేటింగ్ సిస్టమే ఆ పాఠము. చిక్కెక్కడ వచ్చినదనగా, పుస్తకమునుండి పలకమీదికి ఎక్కించుటకును ఒక ప్రోగ్రాము కావలెను గదా! అదియు పుస్తకములోనే యున్నచో దానిని ఎక్కించువారెవరు? ఇది బీగము వేసిన పెట్టెలోనే తాళపుచెవి చిక్కుకొన్నట్లున్నది. ఆంగ్లేయులు దీనిని, తాను తొడిగికొన్న బూట్ల పట్టీలను తానే పట్టుకొని తన్ను తాను పైకెత్తుకొనుటతో పోల్చిరి. కంప్యూటరు మేలుకొనుటకు "బూటు" అను పేరు అందుండి వచ్చినదే.

1960 ప్రాంతమునాటి యంత్రములలో పెక్కింటికి ఈ చిక్కును మనుష్యుడే విప్పవలసి వచ్చెడిది. పనివాడు యంత్రము ముందుపలకమీది మీటలను ఒక్కొక్కటిగ పైకి క్రిందికి వేసి, మొదటి కొన్ని ఆజ్ఞలను చేతితో జ్ఞాపకములోనికి ఎక్కించెడివాడు. ఆ ఆజ్ఞల బలముతో యంత్రము రంధ్రముల కాగితపు పట్టీనుండి తక్కిన పాఠమును చదువుకొనెడిది. మన హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1969లో టి.డి.సి. 12 అను కంప్యూటరును తయారుచేసినది. అది ఆ కాలపు యంత్రమే. నేడు ఆ పనివాని స్థానమున ఒక చిన్న చిప్పు ఉన్నది. మదర్‌బోర్డు అను మూలఫలకముమీద దానిని అతికించి, అందులో చెరగని వ్రాతగా ఒక చిన్న ప్రోగ్రామును ఉంచుదురు. పాత యంత్రములలో దానిని బయాస్ అనియు, క్రొత్తవానిలో యు.ఇ.ఎఫ్.ఐ. అనియు అందురు. మన ఉపమానములో ఇది మొదటి లాకువద్ద నిలుచు లస్కరు.

ఇప్పుడు వరుస చూతము. మొదట విద్యుత్తు రావలెను. రెండవది, ఆ చిన్న ప్రోగ్రాము ప్రాసెసరు, ర్యాము, కీబోర్డు మొదలగు అంగములను పరీక్షించుకొనును. మూడవది, పాఠము ఏ డిస్కులో నున్నదో వెదకును. నాల్గవది, ఆ డిస్కులోని బూట్ లోడరు అను తాళపుచెవి వంటి ప్రోగ్రామును పట్టుకొనును. పాత పద్ధతిలో ఇది డిస్కుయొక్క మొట్టమొదటి 512 బైట్లలో ఇమిడియుండును; క్రొత్త పద్ధతిలో ప్రత్యేకముగా కేటాయించిన ఒక చిన్న భాగములో ఫైలు రూపమున నుండును. అయిదవది, ఆ లోడరు ఆపరేటింగ్ సిస్టమును ర్యాములోనికి ఎక్కించి, దానికి పగ్గములు అప్పగించి తాను తప్పుకొనును. ఈ అయిదు లాకులలో ఏది మూసుకొన్నను పని ఆగును. కాని మూసుకొన్న లాకు ఏదియో తెలిసినచో మరమ్మతు సగము అయినట్లే.

మొదటి లాకు: దీపము వెలుగదు, పంకా తిరుగదు, ఏ చప్పుడును లేదు. ఇది విద్యుత్తు విషయము. డిస్కులోని వ్రాతకు దీనితో సంబంధము లేదు. కనుక కంగారు పడరాదు. ప్లగ్గును వేరొక సాకెట్టులో పెట్టి చూడవలెను. వెనుకవైపు విద్యుత్తు పెట్టెకు మరియొక మీట యుండును. ఊడ్చునప్పుడు చీపురు తగిలి అది ఆగిపోవుట కద్దు. తీగ గట్టిగా దిగినదో లేదో చూడవలెను. ల్యాప్‌టాపు అయినచో చార్జరు తీసివేసి, మీటను పదునైదు మొదలు ముప్పది సెకనులవరకు నొక్కిపట్టి, విడచి, మరల చార్జరు తగిలించి చూడవలెను. లోపల మిగిలిన విద్యుత్తు అణగిపోయి యంత్రము మరల దారికి వచ్చుట తరచు జరుగును. ఇంతటితో కాకున్నచో దుకాణమునకు పోవలసినదే. విద్యుత్తు పెట్టెను మాత్రము ఇంటిలో విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

రెండవ లాకు: దీపము వెలుగును, పంకా తిరుగును, కాని తెరమీద ఏమియు రాదు, కొన్ని యంత్రములు కూతలు కూయును. ఆ కూతలు వ్యర్థము కావు. చిన్న ప్రోగ్రాము ఏ అంగము జవాబు చెప్పలేదో కూతల లెక్కతో తెలుపును; ఆ లెక్క తయారీదారును బట్టి మారును. మొదట తెరకు విద్యుత్తు వచ్చుచున్నదా, తెర తీగ బిగిసియున్నదా అని చూడవలెను. అవి సరిగా నున్నచో అనుమానింపదగినది ర్యాము. మన డెల్టాలో వానకాలపు తేమ, బందరు తీరపు ఉప్పుగాలి, కాలక్రమమున చేరు దుమ్ము ర్యాము పలక అంచులకు మకిలి పట్టించును. ప్లగ్గు తీసివేసి, లోహపువస్తువును ఒకమారు తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొని, ర్యాము పలకను క్లిప్పులు విడదీసి బయటికి తీయవలెను. పెన్సిలు వ్రాత చెరుపు రబ్బరుతో అంచును మెల్లగా రుద్ది, పొడి దులిపి, క్లిప్పులు టక్కున పడునట్లు మరల బిగింపవలెను. రెండు పలకలున్నచో ఒక్కొక్కదానిని వేరువేరుగ పెట్టి చూచినచో చెడినది ఏదియో తెలియును. ఎంతో పాడైనదనుకొన్న యంత్రము ఈ రబ్బరు ముక్కతో లేచి కూర్చుండుట మరమ్మతుదారులందరు ఎరిగిన విషయమే.

మూడవ లాకు: తయారీదారు ముద్ర కనబడును, పిమ్మట "బూటు చేయదగిన డిస్కు లేదు" అను అర్థముగల ఆంగ్లవాక్యము వచ్చును. ఇది చూచి డిస్కు చచ్చినదని తలపరాదు. పెన్‌డ్రైవు ఏదైన తగిలించి మరచిపోయితిమేమో చూడవలెను. యంత్రము దానిలోనే పాఠము వెదకుచు ఉండవచ్చును. అది లేనిచో, ముద్ర కనబడునప్పుడు ఎఫ్2 గాని డిలీట్ గాని నొక్కి చిన్న ప్రోగ్రాముయొక్క అమరికల పుట తెరువవలెను. అచ్చట తేదీ ఏ పాత సంవత్సరమో చూపుచున్నచో కారణము దొరకినట్లే. మూలఫలకముమీద సి.ఆర్. 2032 అను మూడు వోల్టుల నాణెపు బ్యాటరీ ఒకటి యుండును. అది అడుగంటినప్పుడు గడియారము వెనుకకు పోవును. పెక్కు యంత్రములలో అమరికలు కూడ తొలిస్థితికి మరలును. డిస్కు వెదకవలసిన వరుస మారి, లస్కరు వేరొక కాలువకు నీరు వదలినట్లగును. చవకగా దొరకు ఆ బ్యాటరీని మార్చి, తేదీని, వరుసను మరల సరిచేసినచో చాలును.

ఆ పుటలో డిస్కు పేరే కనబడనిచో దాని తీగను తీసి బిగించి చూడవలెను. తిరుగుడు డిస్కు లోపలనుండి "టక్, టక్" అను చప్పుడు ఆగక వచ్చుచున్నచో వెంటనే యంత్రమును ఆపవలెను. అది లోపలి చదువుముల్లు దెబ్బతిన్న గుర్తు కావచ్చును. త్రిప్పినకొలది వ్రాత గీచుకొనిపోవును. అచ్చట ఇంటివైద్యము పనికిరాదు. అందలి వ్రాత విలువైనదైనచో, డిస్కునుండి దత్తాంశము వెలికితీయు నిపుణులకే దానిని చూపవలెను.

నాల్గవ, అయిదవ లాకులు: డిస్కు కనబడుచున్నది, విండోస్ గుర్తు వచ్చుచున్నది, కాని చక్రము తిరిగి తిరిగి నీలితెర పడును, లేదా మరల మొదటికి వచ్చును. ఇచ్చట అంగములు బాగుగనే యున్నవి. పాఠములో పుట చినిగినది. నవీకరణము జరుగుచుండగా కరెంటు పోవుట, మీట నొక్కి బలవంతముగా ఆపుట, సరిపడని డ్రైవరు చేరుట దీనికి సామాన్య కారణములు. ఇట్లు రెండు మూడుమార్లు వరుసగా విఫలమైనచో విండోస్ తానే మరమ్మతు పుటను తెరచును. అందు "ట్రబుల్‌షూట్" అనుదానిలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" కలదు. మొదట "స్టార్టప్ రిపేర్" ప్రయత్నింపవలెను. అది కాకున్నచో "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" ద్వారా క్రొత్తగా చేరిన నవీకరణమును తొలగింపవచ్చును. "సిస్టమ్ రిస్టోర్" ద్వారా పూర్వదినపు స్థితికి మరలవచ్చును. ఇవి మూడును మన ఫోటోల జోలికి, పత్రముల జోలికి పోవు. "రీసెట్ దిస్ పి.సి." అనునది మాత్రము కడపటి ఉపాయము. అందు రెండు దారులున్నవి: ఒకటి మన ఫైళ్లను నిలిపి, మనము చేర్చుకొన్న ప్రోగ్రాములను తీసివేయును, రెండవది సర్వమును తుడిచివేయును. చదువక నొక్కిన ఒక్క నొక్కు ఇరువది ఏండ్ల జ్ఞాపకములను హరింపగలదు.

నీలితెర అనగా సర్వనాశనము కాదనుటకు ఇటీవలి చరిత్రలో గొప్ప నిదర్శనమున్నది. 2024 జూలై 19, శుక్రవారమునాడు, మన కాలమానము ప్రకారము ఉదయము 9 గంటల 39 నిమిషములకు, క్రౌడ్‌స్ట్రైక్ అను అమెరికా రక్షణ సాఫ్ట్‌వేరు సంస్థ ఒక చిన్న నవీకరణ ఫైలును లోకమంతటికి పంపినది. అందు దోషమున్నది. 78 నిమిషములకు దానిని వెనుకకు తీసికొన్నను, ఆ లోపల దానిని అందుకొన్న యంత్రములు నీలితెరతో కూలినవి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారము వాని సంఖ్య సుమారు 85 లక్షలు. లోకములోని విండోస్ యంత్రములలో నూటికి ఒకటికన్న తక్కువ. అయినను విమానాశ్రయములు, ఆసుపత్రులు, బ్యాంకులు స్తంభించినవి. హైదరాబాదు శంషాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇచ్చిరి.

సంస్థ తన తప్పును దిద్దిన పిమ్మటను ఆ యంత్రములు ఏల లేవలేదు? ఆ ఫైలును చదువు డ్రైవరు మేలుకొను వరుసలో చాల ముందుగా ఎక్కును. నెట్టు అంది, దిద్దిన ఫైలు దిగివచ్చులోపలనే యంత్రము కూలిపోవుచుండెను. మందు గుమ్మము దాటి లోనికి వచ్చుటకు వ్యవధి లేదు. కావున దూరమునుండి బాగుచేయుట సాధ్యముకాక, పెక్కుచోట్ల పనివారు ఒక్కొక్క యంత్రమువద్దకు పోయి కూర్చుండవలసి వచ్చినది. వారు చేసిన పని యేమి? అత్యవసరమైన అంగములతో మాత్రమే మేలుకొను "సేఫ్ మోడ్"లో యంత్రమును లేపి, ఆ ఒక్క ఫైలును తొలగించి, మరల ఆరంభించిరి. అందుకొరకై ఫార్మాటు చేయవలసిన పని లేకపోయినది. తూములోని తుక్కు తీయగనే నీరు పారినది.

ఆనాడే మరియొక పాఠము బయటపడినది. పెక్కు యంత్రములలో డిస్కు వ్రాత గూఢలిపిలో నుండెను. దానిని విప్పుటకు 48 అంకెల తాళము కావలసివచ్చినది. దీనికి విండోస్‌లో బిట్‌లాకరు అని పేరు. నేటి క్రొత్త ల్యాప్‌టాపులలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించినప్పుడు ఈ గూఢలిపి తనంతట తానే ఆరంభము కావచ్చును. యజమానికి ఆ సంగతి తెలియకపోవచ్చును. సాధారణముగా తాళము ఆ ఖాతాలోనే భద్రపరుపబడియుండును. యంత్రము బాగుగా నున్నప్పుడే ఆ అంకెలను కాగితముమీద వ్రాసి, పొలము పట్టాలున్న పెట్టెలో పెట్టుకొనుట మంచిది. తాళము లేనిచో ఎంతటి నిపుణుడును ఆ డిస్కును చదువలేడు.

మరమ్మతు పుటయు పనిచేయనిచో, ఫార్మాటుకు ఒప్పుకొనుటకు ముందు వ్రాతను బయటికి తీయవలెను. దీనికి రెండు సులభమార్గములున్నవి. వేరొక కంప్యూటరుమీద ఉబుంటు వంటి లినక్స్‌ను ఒక 16 జి.బి. పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, పాడైన యంత్రమును ఆ పెన్‌డ్రైవునుండి మేలుకొల్పవచ్చును. అందు స్థాపింపకయే ప్రయత్నించి చూచు మార్గమున్నది. దానినే ఎన్నుకొని, లోపలి డిస్కును తెరచి, కావలసిన ఫైళ్లను వేరొక డిస్కులోనికి నకలు చేసికొనవలెను. లేదా డిస్కును ఊడదీసి, యు.ఎస్.బి. పెట్టెలో బిగించి, ఇరుగుపొరుగువారి కంప్యూటరుకు తగిలింపవచ్చును. ఇంటిలో ఇంటరు చదువుచున్న పిల్లలుండినచో వారే ఈ పని చేయగలరు. పెద్దలు ప్రక్కన కూర్చుండి ఏ సంచయము ముఖ్యమో చూపినచో చాలును.

వరదలో తడిసిన యంత్రముల విషయము వేరు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగునగర్ ప్రాంతమున ఇండ్లలోనికి నీరు చేరినది. దివిసీమ, బందరు వాసులకు ఇట్టి భయము క్రొత్తది కాదు. తడిసిన యంత్రమును "ఒకమారు చూతము" అని మీట నొక్కుటయే పెద్ద ప్రమాదము. మెయిన్ ఆపిన పిమ్మటనే దానిని తాకవలెను. సురక్షితముగా వీలైనచో ల్యాప్‌టాపు బ్యాటరీని తీసివేయవలెను. బురదనీరు చేరిన డిస్కును ఆరబెట్టి త్రిప్పి చూడక, నేరుగా నిపుణునికి అప్పగింపవలెను. వరద హెచ్చరిక వచ్చినప్పుడు బియ్యపుబస్తాలతోపాటు డిస్కును కూడ అటకమీదికి ఎక్కించుట ఉత్తమము.

దుకాణమునకు పోవలసివచ్చినప్పుడు మూడు పనులు చేయవలెను. మొదటిది, యంత్రము ఏ లాకువద్ద ఆగినదో చెప్పవలెను. తెరమీది వాక్యమును ఫోనుతో ఫోటో తీసి చూపవలెను. రెండవది, "లోపలి వ్రాత మాకు కావలెను, మమ్ము అడుగక ఫార్మాటు చేయరాదు" అని చెప్పి, ఆ మాటను రసీదుమీదనే వ్రాయించుకొనవలెను. మూడవది, డిస్కును మార్చినచో పాత డిస్కును అడిగి ఇంటికి తెచ్చుకొనవలెను. నిజాయితీగల మరమ్మతుదారు ఈ మాటలకు నొచ్చుకొనడు. తన పని సులువైనదని సంతోషించును.

మరియొక విషయము. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ తన సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించినది. క్రొత్త వ్యవస్థకు మారువారు పలువురు ఉందురు. మారుటకు ముందు రోజుననే ముఖ్యమైన ఫైళ్లకు రెండు నకళ్లు తీసి, ఒకటి ఇంటిలోను, మరియొకటి వేరొక ఊరిలో నమ్మకమైన బంధువుల యింటను ఉంచవలెను. నవీకరణము జరుగునప్పుడు కరెంటు పోయినను యంత్రము ఆగకుండునట్లు యు.పి.ఎస్. ఉన్నచో మేలు. సంవత్సరమునకు రెండుమార్లు, సార్వాకు కాలువలు వదలినప్పుడు ఒకమారు, సంక్రాంతికి పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఒకమారు, ఆ నకళ్లను తెరచి చూచి, క్రొత్తవి చేర్చుకొనుట అలవాటు చేసికొన్నచో, కంప్యూటరు ఏ ఉదయమున మేలుకొనకున్నను ఆ యింట దుఃఖమునకు తావుండదు.